రోడ్డవతలి గొంతు

తన గురించి తాను చెప్పుకోవడానికి లెమ్ టాలివర్ ఎన్నడూ మొహమాటపడలేదు. "జారుడు గిటారులో నన్ను మించినవాడు ఇంకా పుట్టలేదు. పుట్టినా వాడికి నేనే నేర్పాలి" అని దుకాణం అరుగు మీద కూర్చుని, కనీసం నవ్వనైనా నవ్వకుండా అనేవాడు. వినేవాళ్ళకి ఒళ్ళు మండేది. అయినా లేచి వెళ్ళిపోయేవాళ్ళు కాదు. ఎందుకంటే ఆ మాట అన్న మరుక్షణం కోటు జేబులోంచి విరగ్గొట్టిన గాజుసీసా మెడ తీసి చిటికెన వేలికి తొడిగి గిటారు తీగ మీద జార్చేవాడు. ఇక ఆ తర్వాత అతనితో వాదించడానికి ఏమీ మిగిలేది కాదు.

తల్లాహాచీ నది పక్కన నల్లవాళ్ళు దొరల కింద పత్తి పండించే ఆ నేలలో మనిషి గొప్పలు చెప్పుకోవడానికి దొరికేవి తక్కువ. పొలం దొరది, అరక లాగే కంచరగాడిద దొరది, పండిన పత్తి కూడా చాలావరకు దొరదే. తనదంటూ ఒకటి ఉన్నవాడు దాన్ని నలుగురి ముందూ పెట్టుకుని మురిసిపోతే అందులో తప్పేముంది?

లెమ్ తండ్రి ఆమ్జీ టాలివర్‌కి కూడా తనదంటూ ఒకటి ఉండేది. అది ఆయన గొంతు. లిటిల్ పిస్గా చర్చిలో ఆయన సంఘపెద్ద, అందరూ డీకన్ అని పిలిచేవారు. చదువు రానివాళ్ళే ఎక్కువగా ఉన్న రోజుల నుంచీ ఆ చర్చిలో ఒక పద్ధతి నడుస్తోంది. సంఘపెద్ద లేచి కీర్తనలో ఒక వరస, అంటే ఒక పాదం, ఎత్తుతాడు. సంఘమంతా దాన్ని అందుకుని, నిదానంగా, సాగదీసి తిరిగి పాడుతుంది. రానురాను మాటలన్నీ అందరికీ నోటికి వచ్చేశాయి. ఆమ్జీ పెదవి పూర్తిగా విప్పనక్కర లేదు. ఒక్క మూలుగు తీసి, దాన్ని పైకి లేపి, కిందికి జార్చి వదిలితే చాలు, ఏ కీర్తనో, ఏ వరసో జనానికి తెలిసిపోయేది. ఆ మూలుగు వినడానికి పక్క సంఘాల వాళ్ళు కూడా బండ్లు కట్టుకుని వచ్చేవారు.

తల్లి లెమ్ పసితనంలోనే పోయింది. తండ్రే పెంచాడు. వంట చేస్తూ, అరక దున్నుతూ, గాడిదని తిడుతూ కూడా ఆమ్జీ ఆ గొంతుతోనే ఉండేవాడు. పిల్లవాడికి ఇంట్లో తల్లి లేని లోటు ఆ గొంతే తీర్చింది.

చీపురుకి చుట్టిన తీగ విప్పి, ఇంటి గోడకి మేకులు కొట్టి బిగించి, మందుసీసాతో రుద్దుకుంటూ వాయించడం అక్కడి పిల్లలందరికీ అలవాటే. లెమ్ కూడా అదే చేశాడు. కాకపోతే మిగతా పిల్లలు కోడికూతలూ రైలుకూతలూ తీస్తుంటే వీడు తండ్రి ఎత్తే కీర్తన తీశాడు. చెక్క గోడ కాబట్టి ఇల్లంతా మూలిగింది. లోపల కునుకు తీస్తున్న ఆమ్జీ ఉలిక్కిపడి బయటికొచ్చాడు.

"ఎవడ్రా నన్ను వెక్కిరిస్తున్నది?"

"వెక్కిరించట్లేదు నాన్నా. నీలాగే పాడుతున్నా."

"పాట దేవుడిచ్చిన గొంతుతో పాడాలి. గోడతో కాదు" అని ఆమ్జీ మేకులతో సహా తీగ పీకేశాడు. అప్పట్లో అది చిన్న కోపమే. అది ఎంత దూరం వెళ్తుందో ఇద్దరికీ తెలియదు.

కాస్త మీసం వచ్చేసరికి లెమ్ రంపపు మిల్లులో పనికి కుదిరి, మొదటి గిటారు సంపాదించాడు. ముందు అందరిలాగే వేళ్ళతో నొక్కి వాయించాడు గానీ వారం తిరక్కుండానే విసుగెత్తింది. గిటారు మెట్ల మీద అడుగులు వేసుకుంటూ పోతుంది. తండ్రి గొంతు ఏనాడూ మెట్లు ఎక్కలేదు, దిగలేదు. అది జారుతుంది. ఒక స్వరానికీ ఇంకో స్వరానికీ మధ్య సందులో ఎక్కడో ఆగి, అక్కడ వణికి, అప్పుడు కిందికి వస్తుంది. ఆ సందులోకి వేలు పట్టదు. లెమ్ ఒక సీసా మెడ విరగ్గొట్టి, రాతి మీద అంచు నున్నగా అరగదీసి వేలికి తొడిగాడు. తీగ మీద పెట్టి జార్చాడు. తండ్రి గొంతు వచ్చింది. మిల్లు గుడిసెలో ఒంటరిగా కూర్చుని ఉన్న వాడికి ఏడుపొచ్చింది, వెంటనే గర్వమూ వచ్చింది. గర్వమే నిలిచింది.

ఆ గిటారు పట్టుకుని ఇంటికి వెళ్ళిన రోజున ఆమ్జీ గుమ్మంలోనే ఆపేశాడు.

"ఇది ఎక్కడెక్కడ వాయిస్తున్నావో నాకు తెలుసు. చేపలు వేయించి సారా పోసే ఇళ్ళల్లో."

"అక్కడే జనం ఉంటారు నాన్నా."

"అయితే అక్కడే ఉండు. ఆ సాతాను పెట్టె ఉన్నంతకాలం ఈ గడప తొక్కకు."

"ఒక్కసారి విను నాన్నా. విన్నాక పొమ్మను."

ఆమ్జీ తలుపేసుకున్నాడు. లెమ్ జీవితంలో కావాలనుకుని దక్కనిది ఏదైనా ఉందంటే అదే. ఆ ముసలాయన ఒక్కసారి విని, అది ఎవరి గొంతో గుర్తుపట్టాలి. మిగతావన్నీ అతనికి తేలిగ్గానే దక్కాయి.

నిజంగా తేలిగ్గానే. శనివారం వేయించిన చేపలూ మొక్కజొన్న రొట్టే పెట్టి జనాన్ని పిలిచే ప్రతి ఇంటివాళ్ళూ ముందు లెమ్ వస్తాడో లేదో కనుక్కుని గానీ చేపలు కొనేవాళ్ళు కాదు. అతను పాడుతూ పాడుతూ వరస చివర నోరు మూసేసేవాడు. మిగిలిన మాట గిటారు చెప్పేది. జనం కేకలు వేసేవాళ్ళు. అలాంటి ఒక ఇంట్లోనే జెర్లీ పరిచయమైంది. నది అవతలి పిల్ల. "నీ నోటికంటే నీ గిటారే మర్యాదగా మాట్లాడుతుంది" అంది. ఆ మాటకే అతను ఆమెను పెళ్ళి చేసుకున్నాడు.

రికార్డు చేసే కంపెనీ వాళ్ళు ఒకసారి మెంఫిస్‌కి పిలిపించారు. హోటల్ గది గోడలకి పరుపులు ఆనించి, మధ్యలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. "నువ్వు వెళ్తే వెళ్ళు, తలుపు మాత్రం..." అని పాడి ఆపేసి, తలుపు కిర్రుమని మూసుకోవడం తీగ మీద వాయించాడు లెమ్. రికార్డు చేయిస్తున్న కంపెనీ దొర చెయ్యెత్తి ఆపేశాడు.

"మాట మర్చిపోయావు. మళ్ళీ మొదలుపెట్టు."

"మర్చిపోలేదు దొరా. అక్కడ తలుపు మూసుకుంటుంది."

"అయితే 'మూసుకుంది' అని పాడు."

"తలుపు ఎక్కడైనా పాడుతుందా దొరా? కిర్రుమంటుంది అంతే."

పక్కన మిషను తిప్పేవాడు ఫక్కుమన్నాడు. దొర ఏమనుకున్నాడో ఏమో, సరే కానిమ్మన్నాడు. ఆ రికార్డు బయటికొచ్చాక తల్లాహాచీ పొడుగునా గ్రామఫోను ఉన్న ప్రతి ఇంట్లోనూ ఆ తలుపు మూసుకుంది. లెమ్ కొత్త కోటు కుట్టించుకున్నాడు, రేకు డొక్క ఉన్న గిటారు కొన్నాడు. దాన్ని ఒక చోట మీటితే పత్తి చేను అవతలి గట్టు దాకా వినిపించేది.

కరువు రోజులు వచ్చాక రికార్డులు కొనేవాళ్ళు లేకుండా పోయారు. కంపెనీ మూతపడింది. లెమ్ దిగాలుపడలేదు. "రికార్డులు ఆగిపోయాయి గానీ నేను ఆగానా?" అని జెర్లీని తీసుకుని సొంతూరు తిరిగొచ్చేశాడు. జెర్లీ మేనత్త వదిలిపోయిన ఇల్లు ఒకటి ఖాళీగా ఉంది. అది సరిగ్గా లిటిల్ పిస్గా చర్చికి ఎదురుగా, మట్టి రోడ్డుకి ఇవతల. తండ్రిని ఏడిపించడానికే అక్కడ దిగాడని ఊరు ఊరంతా అంది. ఆమ్జీ రోడ్డు మీద ఎదురుపడితే తల వంచుకుని తన బూట్లు చూసుకుంటూ వెళ్ళిపోయేవాడు.

ఏడిపించడానికి వచ్చినవాడైతే ఆదివారం పూట గిటారు తీసేవాడు. లెమ్ ఏనాడూ తీయలేదు. చర్చిలో ఆరాధన నడుస్తున్నంతసేపూ వసారాలో కాఫీ తాగుతూ కూర్చునేవాడు. సంఘపెద్ద నిలబడే మూల రోడ్డు వైపు కిటికీ పక్కనే. ఎండాకాలం కిటికీ రెక్కలు పైకెత్తి కర్రలు ఆనించేవారు. వసారాలోంచి తండ్రి వీపు కనిపించేది, గొంతు వినిపించేది. ఆ గొంతు వినడానికే అతను అక్కడ దిగాడని ఊళ్ళో ఎవరికీ తోచలేదు. జెర్లీకి మాత్రం తెలుసు.

ఆ ఏడాది చలికాలం ఆమ్జీకి నెమ్ము చేసింది. మనిషి కోలుకున్నాడు గానీ గొంతు కోలుకోలేదు. వారం వారం సన్నబడుతూ వచ్చింది. ఎండాకాలం నడిమధ్యలో ఒక ఆదివారం, పాస్టరుగారు కీర్తన పేరు చెప్పి కూర్చోవడం వసారాలోకి స్పష్టంగా వినిపించింది. లెమ్ కాఫీ కప్పు పక్కన పెట్టాడు. కిటికీలో తండ్రి వీపు లేచి నిలబడింది.

ఏమీ వినిపించలేదు.

లోపల అందరూ అలవాటు ప్రకారం తలలు వంచుకుని, కళ్ళు మూసుకుని ఎదురుచూస్తున్నారు. ఆమ్జీ భుజాలు ఒకసారి పైకి లేచాయి, మళ్ళీ లేచాయి. చెయ్యి వెనక్కి వచ్చి కిటికీ చట్రాన్ని పట్టుకుంది. ఆ చెయ్యి చూశాక లెమ్ ఇక కూర్చోలేకపోయాడు. గిటారు ఎప్పుడు ఒళ్ళోకి తెచ్చుకున్నాడో, సీసా మెడ ఎప్పుడు తొడిగాడో అతనికే తెలియదు. కీర్తన మొదటి వరస తీగ మీద ఎత్తాడు. మూలిగి, పైకి లేపి, సందులో ఒక్క క్షణం వణికించి, కిందికి జార్చి వదిలాడు.

లోపల సంఘమంతా అందుకుంది.

శబ్దం వచ్చింది సంఘపెద్ద నిలబడ్డ మూల నుంచే. కళ్ళు మూసుకున్నవాళ్ళకి అంతకంటే ఏం కావాలి? జనం వరస ముగించేసరికి లెమ్ రెండోది ఎత్తాడు. ఆమ్జీ వెనక్కి తిరిగి చూడలేదు. ముందు కొయ్యబారిపోయాడు. తర్వాత, మూడో వరసకి, ఆయన తల కొంచెం పక్కకి వంగింది. వింటున్నాడు. కీర్తన అయిపోయేదాకా నోరు తెరిచే ఉంచి, అయ్యాక మెల్లగా కూర్చున్నాడు.

ఆరాధన ముగిశాక ఒడెస్సా రకర్ బయటికొచ్చింది. చర్చికి తల్లిలాంటి మనిషి, మొదటి బల్ల ఆమెది, నోటి ముందు ఎవరూ నిలవలేరు. గొడుగు ఊపుకుంటూ నేరుగా లెమ్ వసారా ముందుకి వచ్చింది. కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి.

"ఒరేయ్ లెమ్, విన్నావా ఇవాళ మీ నాన్న గొంతు?"

"విన్నాను పెద్దమ్మా."

"పడుచువాడిగా ఉన్నప్పుడు ఎలా ఎత్తేవాడో అలా ఎత్తాడు. నాకు వెక్కిళ్ళు ఆగలేదనుకో. నువ్వు ఆ సీసాతో ఎన్నేళ్ళు గీకినా ఆ పలుకు నీకు వస్తుందా?"

"ఎలా వస్తుంది పెద్దమ్మా? అయినా ప్రయత్నం చేస్తాలే."

బఠానీలు ఒలుస్తున్న జెర్లీ చేటతో సహా లేచింది. "ఇదిగో పెద్దమ్మా, అసలు సంగతేంటంటే..."

"జెర్లీ, పొయ్యి మీద ఏదో మాడుతోంది" అన్నాడు లెమ్.

పొయ్యి మీద ఏమీ లేదు. ఒడెస్సా వెళ్ళిపోయాక జెర్లీ ఒంటికాలి మీద లేచింది. "ఎందుకు ఆపావు? ఊరు మొత్తం నీ వాయిద్యానికి ఏడ్చి, ఆయనకి చేతులెత్తి దణ్ణాలు పెడుతుంటే నవ్వుతూ కూర్చుంటావా?"

"జెర్లీ, ఒక్కటి చెప్పు. నా గిటారు విని సంఘపెద్ద ఆమ్జీ టాలివర్ అనుకున్నారు. అంతకంటే గొప్ప మాట నా గురించి ఎవడైనా చెప్పగలడా?"

"చెప్పాల్సింది ఆయన."

"ఆ. ఆయనే చెబుతాడు."

ధీమాగానే అన్నాడు గానీ ఆ వారమంతా అతను దుకాణం అరుగు మీద కూర్చోలేదు. గొప్పలూ చెప్పలేదు. గురువారం రోడ్డు మీద ఆమ్జీ ఎదురుపడ్డాడు. ఈసారి బూట్లు చూసుకోలేదు. ఆగి, లెమ్ చేతుల వైపు చూశాడు. లెమ్ "నాన్నా" అన్నాడు. ముసలాయన నోరు తెరిచాడు. మాట రాలేదో, మనసు రాలేదో, మూసుకుని వెళ్ళిపోయాడు. తండ్రి ఆ పొగడ్తలు ఉంచేసుకోబోతున్నాడని లెమ్‌కి మొదటిసారి భయం వేసింది.

మళ్ళీ ఆదివారం వచ్చింది. కిటికీలు ఎత్తారు. ఆమ్జీ గొంతు మళ్ళీ నిలబడిందని కబురు పాకి, చర్చి నిండా జనం. లెమ్ వసారాలో కూర్చున్నాడు. గిటారు ఒళ్ళో ఉంది. సీసా మెడ వేలికి ఉంది. పాస్టరుగారు కీర్తన పేరు చెప్పారు. తండ్రి వీపు లేచి నిలబడింది. నోరు తెరిచి ఉంటాడు, సందేహం లేదు.

లెమ్ తీగ మీద చెయ్యి వేసి కదపకుండా ఉంచేశాడు.

"వాయించు" అంది జెర్లీ గొంతు తగ్గించి. ఇన్ని రోజులూ కోప్పడ్డ మనిషికే ఇప్పుడు జాలి వేసింది. "పాపం, పెద్దాయన నిలబడి ఉన్నాడు."

"ఇప్పుడు వాయిస్తే ఇది ఆయన గొంతేనని జనం అనుకుంటారు. అనుకోనీ, నాకేం పోయింది? కానీ ఆయన కూడా అలాగే అనుకోవడం మొదలుపెడతాడు. అప్పుడు ఇక ఎప్పటికీ నన్ను పిలవడు."

"పిలవకపోతే?"

లెమ్ కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. చెమటకి సీసా మెడ వేలి మీద జారుతోంది.

లోపల విసనకర్రలు ఆగిపోయాయి. ఎవరో దగ్గారు. పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. అప్పుడు ఆమ్జీ చెయ్యెత్తి మొదటి బల్ల వైపు సైగ చేశాడు. ఒడెస్సా లేచి దగ్గరికొచ్చింది. ఆమె చెవిలో ఏదో గొణిగాడు. గొణగడానికి సరిపడా ఊపిరి ఇంకా ఉంది. ఆమె ఎన్నో ఏళ్ళుగా ఆయన ఎత్తిన ప్రతి వరసా అందుకున్న మనిషి. అడగకుండానే జనం వైపు తిరిగి, విన్నది విన్నట్టు గట్టిగా అప్పజెప్పింది.

"పోయిన ఆదివారం కీర్తన ఎత్తింది నేను కాదు!"

చెప్పాక గానీ ఆమెకి అర్థం కాలేదు. "ఏంటీ? నువ్వు కాదా?" అంది. చర్చి అంతా గుసగుసలు. ఆమ్జీ మళ్ళీ గొణిగాడు.

"రోడ్డవతల..." అని మొదలుపెట్టి ఒడెస్సా ఆగిపోయింది. "డీకన్, ఈ ముక్క నేను చెప్పను. ఆ సీసా వెధవ వాయిస్తే నేను వెక్కి వెక్కి ఏడ్చానా?"

ఆమ్జీ వేలెత్తి జనాన్ని చూపించాడు. ఇక తప్పదన్నట్టు ఆమె చెప్పింది.

"రోడ్డవతల నా కొడుకు ఎత్తాడు. మీరు నన్ను మెచ్చుకుంటుంటే నేను ఊరుకున్నాను."

వసారాలో లెమ్ లేచి నిలబడ్డాడు. ఒడెస్సా గొంతు ఈసారి తగ్గింది. తగ్గినా వినిపించింది, ఎందుకంటే లోపల ఒక్కరూ కదలడం లేదు.

"అది నా గొంతే. నా దగ్గర పోయింది. వాడి దగ్గరుంది."

ఇంకొక్క మాట మిగిలింది. ఆమ్జీ చెప్పాడు. ఒడెస్సా జనం వైపు తిరిగింది. ఆమె ఒంట్లో పాతుకుపోయిన అలవాటో, ఏడుపు అడ్డం రావడమో గానీ, ఆ మాట మాటలా రాలేదు. పైకి లేచి, వణికి, కిందికి జారి, కీర్తన వరసలాగే వచ్చింది.

"వాణ్ణి లోపలికి రమ్మనండి..."

వరస ఎత్తితే అందుకోవడం తప్ప ఆ సంఘానికి ఇంకో పద్ధతి తెలియదు. అందరూ అందుకున్నారు. మగవాళ్ళు కింది నుంచి, ఆడవాళ్ళు పై నుంచి, సాగదీసి, నిదానంగా, చర్చి గోడలు అదిరేలా పాడారు. వాణ్ణి లోపలికి రమ్మనండి. ఏం పాడుతున్నారో సగం పాడాక గానీ చాలామందికి తట్టలేదు. తట్టినా ఆపలేదు. వరస ఎత్తాక మధ్యలో ఆపడం అక్కడ లేదు.

మెంఫిస్ దొర ముందు తడబడని లెమ్ వసారా మెట్ల మీద చిన్నపిల్లాడిలా నిలబడిపోయాడు. జెర్లీ అతని టోపీ తీసేసి, వీపు మీద చెయ్యి వేసి ఒక్క తోపు తోసింది.

రోడ్డు దాటాడు. చర్చి గుమ్మంలో ఆమ్జీ ఎదురొచ్చి నిలబడి ఉన్నాడు. కొడుకు చేతిలోని గిటారు వైపు చూసి, దారి ఇవ్వడానికి పక్కకి జరిగాడు. లెమ్ ముందుకి వెళ్ళబోతుంటే ఆయన భుజం పట్టుకుని, చెవి దగ్గరికి వంగాడు.

"మూడో వరస తొందరపడ్డావు. ఇవాళ నిదానంగా ఎత్తు."

ఆ మాటని ఒడెస్సా తిరిగి చెప్పలేదు, ఎవరూ అందుకోలేదు. అది లెమ్ ఒక్కడికే వినిపించింది.

"అలాగే నాన్నా" అన్నాడు.